మేళానికో చిరునామా

(రుఆబాంధాలో మన ఉద్యోగుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భిలాయిలో తెలుగువారింట పెళ్లి కుదిరితే, ముహూర్తం పెట్టించగానే వెతికేది మేళాన్ని. కిందటి మాఘంలో మా చుట్టాలింటి పెళ్లికి మన నాదస్వరం బాబాయిగారి కోసం ఫోన్ చేశాం. నంబరు మారిపోయింది. ఆయన వీడియోలున్న పేజీ పాత ఫోన్‌తోపాటే పోయిందట. పాస్‌వర్డ్ తెలిసిన కుర్రాడు ఉద్యోగానికి ఊరు దాటాడు. చివరికి రాయ్‌పూర్ నుంచి వేరే మేళం వచ్చింది. తర్వాత తెలిసింది, బాబాయిగారు ఆ రోజంతా ఇంట్లో ఖాళీగానే ఉన్నారని!

పెద్ద కంపెనీని నమ్ముకున్నా ఇంతే. మైస్పేస్ సర్వర్లు మార్చేటప్పుడు 2015కు ముందు కళాకారులు ఎక్కించిన పాటలు పోయాయని 2019లో బయటపడింది. అందుకే అసలు రికార్డింగులు ఇంట్లో హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ ఉండాలి.

ఇక వెబ్‌సైట్ సంగతి. కోడ్ రాయడం నాకూ రాదు, ఎంబీఏలో ఎవరూ నేర్పలేదు. సంగీతకారుల కోసమే నడిచే బ్యాండ్‌జూగుల్ లాంటివి ఉన్నాయి కానీ, వాటికి డబ్బు కట్టాలి. మన మేళానికి గూగుల్ సైట్స్ చాలు, ఉచితం. జీమెయిల్‌తో తెరిచి, ఖాళీ పేజీ తీసుకుని, పైన పేరు, ఫోటో పెట్టండి. యూట్యూబ్‌లో ఉన్న మీ వీడియోను అందులోనే చేర్చవచ్చు. కింద ఒక గూగుల్ ఫారం: పెళ్లి తేదీ, ఊరు, ఫోన్ నంబరు. పబ్లిష్ నొక్కేముందు ఫోన్‌లో ఎలా కనిపిస్తుందో చూసుకోండి, పెళ్లివారు చూసేది అందులోనే.

సొంత పేరు కావాలంటే ఏటా కొంత రుసుము కట్టి డాట్ ఇన్ చిరునామా తీసుకోవచ్చు. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది కదా! చిరునామా చూసి అసలుదో నకిలీదో జనం గుర్తుపట్టాలనే. మేళానికీ ఆ గుర్తింపు కావాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ జీమెయిల్, ఆ చిరునామా వాయించే మనిషి పేరు మీదే ఉండాలి. చేసిపెట్టిన మేనల్లుడి పేరు మీద వద్దు. లాకరు తాళం పక్కింట్లో పెడతామా? పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.

బ్యాంకువాణ్ణి కాబట్టి ఇంకో మాట. నంబరు అందరికీ కనిపిస్తే దొంగలకీ కనిపిస్తుంది. "అడ్వాన్సు పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు.

బాబాయిగారూ, మీరు ముందు వరుసలోనే ఉన్నారు. ల్యాప్‌టాప్ తెచ్చాను. శ్రుతి పెట్టెతో ఉన్న మీ ఫోటో ఒకటి ఇలా ఇవ్వండి.