మందుల కిటికీ దగ్గర

(సంఘ వార్షిక సమావేశంలో ఒక ప్రభుత్వ ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో డాక్టర్లను పిలిచి మాట్లాడించడం వాడుక. ఈసారి మందులిచ్చేవాణ్ణి పిలిచారు. అందుకు కృతజ్ఞుణ్ణి. ఫిల్మ్ నగర్ బస్తీలకు దగ్గరలోని ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నేను ఫార్మసిస్టును. మీలో చాలామంది నన్ను కిటికీ అవతల చూసినవారే. ఈనాటికీ "కాంపౌండర్ సాబ్" అనే పిలుస్తారు. అందులో నాకు చిన్నతనమేమీ లేదు.

వెనకటి రోజుల్లో కాంపౌండరు నిజంగానే మందు కలిపేవాడు. రోగి ఇంటి నుంచి సీసా తెచ్చుకుంటే అందులో మిక్శ్చరు పోసి, ఎన్ని మోతాదులో తెలిసేటట్లు గాట్లు పెట్టిన కాగితం అంటించేవాడు. 1948లో ఫార్మసీ చట్టం వచ్చింది. ఈ పనికి చదువు, రిజిస్ట్రేషను ఏర్పడ్డాయి. ఇప్పుడు మందులన్నీ కంపెనీల్లో తయారై అట్టల్లో వస్తున్నాయి. "మరి మీకు పనేముంది, గోలీలు లెక్కపెట్టి ఇవ్వడమేగా!" అని నాతోనే అన్నవారున్నారు. దానికి జవాబు చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు.

కిటికీ తెరవకముందే మా పని మొదలవుతుంది. ఏ మందు ఎన్నాళ్లకు సరిపోతుందో చూసి ఇండెంటు పెట్టాలి. వచ్చిన సరుకును ఈ-ఔషధి అనే కంప్యూటరు లెక్కలో ఎక్కించాలి. ముందుగా గడువు తీరేదాన్ని ముందుగా ఇవ్వాలి. వాడకముందు ఇన్సులిన్‌ను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో వుంచాలి. అది గడ్డకట్టిందంటే పారేయవలసిందే. అంచనా తప్పితే "స్టాకు లేదు" అని చెప్పవలసినవాణ్ణి నేనే. ఒక రోజు కూలి వదులుకుని వచ్చిన మనిషితో ఆ మాట అనడానికి నోరు రాదు.

అయితే లెక్కలన్నీ సరిపోయినంత మాత్రాన పని సరిగా జరిగినట్టు కాదు. ఇది నా తప్పు వల్ల నేను నేర్చుకున్న పాఠం.

మా దగ్గర బీపీ మందు తీసుకునే ఒక లైట్‌మన్ వున్నాడు. షూటింగు వుంటే తెల్లవారకముందే ఇల్లు వదలాలి, తిరిగి ఎప్పుడొస్తాడో తెలియదు. మా కేంద్రంలో నేనిచ్చిన ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నాడు. మధ్యలో ఎక్కడో తలనొప్పి అని బయట చూపించుకుంటే వాళ్లూ బీపీ గోలీలు రాసిచ్చారు. రెండూ వేసుకున్నాడు. ఒకరోజు ఎత్తున కట్టిన పరంజా మీద లైటు తిప్పుతూ వుంటే కళ్లు తిరిగాయి. పక్కవాడు చొక్కా పట్టుకుని వెనక్కి లాగకపోతే ఏమయ్యేదో!

మర్నాడు ఆయన భార్య ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా ముందు కుమ్మరించింది. పేర్లు వేరు, రంగులు వేరు. బయటి గోలీలోనూ అదే ఆమ్లోడిపిన్, దానికి తోడు మరొక బీపీ మందు! "ఇవి కాక ఇంకేమైనా వేసుకుంటున్నావా భాయ్?" అనే ఒక్క ప్రశ్న నేను అడగలేదు. వెనక పెద్ద లైను వుంది నిజమే. డాక్టరు అడగవలసింది అని తప్పించుకోనూ వచ్చు. కాని మందు రోగి చేతికి చేరేముందు ఆఖరి చెయ్యి నాదే కదా! ఆమె నన్నేమీ అనలేదు. "మాకు చదువు రాదు సాబ్, మీరు అడిగితే చెప్పేవాళ్లం" అంది. తిట్టినా అంత బాధ పడేవాణ్ణి కాదు.

ఆనాటి నుంచి ఆ ప్రశ్న అడగకుండా బీపీ, షుగరు మందులు ఇవ్వడం లేదు. కవరు మీద పొద్దుటి గోలీకి సూర్యుణ్ణి, రాత్రి గోలీకి చంద్రుణ్ణి గీస్తాను. ఎలా వేసుకోవాలో వాళ్ల చేతనే ఒకసారి చెప్పించుకుంటాను. లైను నెమ్మదిగా కదులుతుంది, కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

"ఊరికే ఇచ్చే మందుకు బలమేం వుంటుంది?" అనే మాట కూడా వింటూ వుంటాను. గర్భిణీ స్త్రీలకు మేము ఉచితంగా ఇచ్చే ఐరన్ గోలీలో ఫోలిక్ ఆసిడ్ కూడా వుంటుంది. దాన్ని 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. బోదకాలుకు ఇచ్చే డి.ఇ.సి. మందు కూడా ఆయన బృందం కృషి ఫలితమే. ధర లేనంత మాత్రాన విలువ లేనట్టు కాదు. ఆ ఐరన్ గోలీ వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. భయపడి మానేయకూడదు. టీతో కలిపి మాత్రం వేసుకోవద్దు.

మరికొన్ని ముఖ్యమైన మాటలు. పెద్ద ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు మంచినీళ్లలో కలపాలి, గ్లాసులో కాదు. చిక్కగా కలిపితే పసివాడికి మేలు కన్నా కీడే ఎక్కువ. కలిపినది ఒక రోజు దాటితే పారబోయండి. అట్ట మీద నిలువుగా ఎర్రగీత వుంటే అది డాక్టరు చీటీ లేనిదే వాడకూడని మందు. జ్వరం తగ్గిందని మిగిలిన యాంటీబయాటిక్ గోలీలు దాచి, పక్కింటివారికి దానం చెయ్యకండి. షుగరు వున్నవారు రంజాన్ ఉపవాసాలకు కనీసం నెల ముందే డాక్టరును కలవాలి. సహరీకి ఏ మందు, ఇఫ్తారుకు ఏ మందు, ఎంత మోతాదు అనేది డాక్టరే నిర్ణయించాలి. అది నేను మార్చకూడదు, మీరూ మార్చుకోకూడదు.

2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు వచ్చాయి. మందు మన గడపకు దగ్గరయింది, సంతోషం. కాని ఒకే మనిషి రెండు మూడు చోట్ల నుంచి మందులు తెచ్చుకునే వీలు కూడా పెరిగింది. కాబట్టి సంఘానికి నా మనవి ఒక్కటే. మీ ఇళ్లల్లో చదువుకున్న పిల్లలున్నారు. ఒక ఆదివారం ఒక గంట వెచ్చించి, అమ్మీ, అబ్బా, నానీ, దాదా వేసుకునే గోలీలన్నీ ఒకచోట పెట్టి, అట్ట మీది అసలు మందు పేరు ఒక కాగితం మీద రాయించండి. కంపెనీ పేరు కాదు, మందు పేరు. ఎక్కడికి వెళ్లినా ఆ కాగితం వెంట తీసుకెళ్లండి. చదువు లేని పొరుగువారికి కూడా రాసిపెట్టండి.

ఆ లైట్‌మన్ ఇప్పటికీ నెలనెలా మా కిటికీ దగ్గరకు వస్తున్నాడు. నేను అడగకముందే జేబులోంచి కాగితం తీసి చూపిస్తాడు.