మనోవ్యాధి మందులు, గంజాయి: వైద్యునికి దాచరాని సంగతి
(మహాసభయందు చదివిన ఉపన్యాసము)



విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ఈ మహాసభలో తీర్మానములు చేయుట మన ఆచారము. మేము నేడు మీ యెదుట పెట్టదలచిన విషయము సాధారణముగా తీర్మానములకు ఎక్కునది కాదు. ఇండ్లలో తలుపులు మూసికొని గుసగుసలాడుకొనునది. మనోవ్యాధికి మందు తినుచున్న పిల్లవాడు దానితోపాటు గంజాయి త్రాగినచో కలుగు ముప్పును గూర్చి నాలుగు మాటలు విన్నవించుకొనెదము. ఓపికతో ఆలకింప ప్రార్థన.

గంజాయి మన సీమకు క్రొత్తది గాదు. మఠములయందును, జాతరలయందును బైరాగుల చిలుములలో దానిని తాతలనాటి నుండి చూచుచునే యున్నాము. ఐనను నాటి స్థితి వేరు, నేటి స్థితి వేరు. ఆంధ్ర, ఒడిసా సరిహద్దు కొండల నుండి వచ్చు సరకు సూర్యాపేట, నకిరేకల్లు, చౌటుప్పలుల మీదుగా పోవు రాదారిలో పట్టుబడినట్లు పత్రికలలో తరచుగా చదువుచున్నాము. పాలమూరు నుండి బొంబాయికి, హైదరాబాదునకు కూలికి పోయిన బాలురకును, నల్లగొండ నుండి చదువునకు పోయిన బాలురకును అది అందుబాటులో నున్నది. వారిని మందలించినచో, “బైరాగులు త్రాగుట లేదా? వారికేమైనది?” అని మనలనే ప్రశ్నింతురు. ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పవలసియున్నది.

గంజాయి త్రాగిన ప్రతివాడును పిచ్చివాడు కాడు. ఇది నిజము. నిజమును దాచి భయపెట్టుట మా ఉద్దేశము కాదు. స్వీడను దేశమున సైన్యమునకు పిలువబడిన 45,570 మంది యువకుల ఆరోగ్యస్థితిని పదునైదేండ్లు గమనించి, ఆ ఫలితములను 1987లో ప్రకటించిరి. సైన్యమునకు చేరునాటికే ఏబదిసార్లకు మించి గంజాయి వాడినవారికి స్కిజోఫ్రీనియా అను చిత్తవ్యాధి, వాడనివారికంటె ఆరు రెట్లు అధికముగా కనబడినది. ఐనను వారిలోను అత్యధికులకు ఆ వ్యాధి రాలేదు. కాని మేము చెప్పునది ఆరోగ్యవంతుని గూర్చి కాదు; ఒకమారు చిత్తము చెదరి, మందుతో కుదుటబడినవానిని గూర్చి. వానికి బైరాగి పోలిక పనికిరాదు.

ఎందువలననగా, క్లోర్‌ప్రొమజీను అను మందు 1952లో మనోవ్యాధి చికిత్సకు వచ్చిన నాటి నుండి నేటి రిస్పెరిడోను, ఓలాంజపీనుల వరకు, ఈ జాతి మందులు ముఖ్యముగా మెదడులోని డోపమీను అను పదార్థపు పనిని అదుపుచేసి, లేని మాటలు వినబడుటను, లేనిపోని అనుమానములను తగ్గించును. గంజాయిలోని మత్తుపదార్థము ఆ మాటలనే, ఆ అనుమానములనే తిరిగి రేపగలదు. ఒక వంక చేనికి కంచె వేయుచు మరియొక వంక గొడ్లను లోనికి తోలినట్లే యగును. ఇరువది నాలుగు పరిశోధనలను కూర్చి 2016లో ప్రకటించిన సమీక్షలో, గంజాయి మానినవారికంటె మానని రోగులకు వ్యాధి తిరుగబెట్టుట అధికమనియు, గంజాయి వాడనివారికంటె వారు ఆసుపత్రిలో నుండు దినములు గూడ అధికమనియు తేలినది.

రెండవ చిక్కు పొగవలన వచ్చునది. గంజాయి పొగయైనను, అందు కలుపు పొగాకు పొగయైనను, కాలేయము కొన్ని మందులను త్వరగా విరిచివేయునట్లు చేయును. ఓలాంజపీను, క్లోజపీను అట్టివి. మాత్ర మ్రింగినను నెత్తురులో దాని బలము తగ్గును. అదే రోగి ఆసుపత్రిలో చేరి పొగ హఠాత్తుగా మానినచో, అదే మోతాదు అధికమై మగతయు, క్లోజపీను విషయమున మూర్ఛలును రావచ్చును. కావున మానుట మంచిదే. వైద్యునికి తెలిపి మానుట అంతకంటె మంచిది. పొగ లేదుగదా యని భంగు త్రాగుటయు క్షేమము కాదు. దానిలోని మత్తును అదియే. ఆలస్యముగా ఎక్కి చాలసేపు నిలుచును.

మూడవది, మత్తుమీద మత్తు. ఈ మందులలో కొన్ని మగతను, లేచి నిలుచున్నపుడు కన్నులు తిరుగుటను కలిగించును. గంజాయి గుండెవేగమును హెచ్చించి, ఆ మగతను ఇనుమడింపజేయును. ట్రాక్టరు నడుపువాడు, బావి గట్టున మోటారు వేయువాడు ఈ స్థితిలో నుండుట ఎంత ప్రమాదమో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక అసలు సంగతి. ఒక ఇంటిని తలంచుకొనుడు. కుమారుని చొక్కాజేబులో తల్లికి గంజాయి పొట్లము దొరకినది. వైద్యునికి చెప్పినచో పోలీసులకు తెలియునేమో, ఊరికి తెలియునేమో, చెల్లెలి సంబంధము చెడునేమో యని ఆమె నోరు మెదపదు. వైద్యుడు మందు చాలలేదనుకొని మోతాదు పెంచును. లేదా, రెండును కలిసిన విషమగునని భయపడి ఆమెయే మాత్రలు దాచివేయును. అపుడు గంజాయి మిగిలి, మందు పోవును. అమావాస్యకు చెర్వుగట్టున నిద్ర చేయించుటను మేము కాదనము. దేవుని కడకు పోవునపుడు గూడ మాత్రలు మూటలో నుండవలెను. వాడు గంజాయి త్రాగిన దినమున సయితము, వైద్యుడు వలదని చెప్పిననే తప్ప, మందు ఆపరాదు.

తప్పుడు సమాచారము చికిత్సను ఎట్లు చెరచునో తెలుపు నిదర్శనమొకటి పూర్వమే కలదు. 1893–94లో బ్రిటిషు ప్రభుత్వము నియమించిన గంజాయి విచారణ సంఘము పిచ్చాసుపత్రుల దస్తరములను పరిశీలించినది. రోగిని తెచ్చినవారు చెప్పిన మాటను సరిగా విచారింపకయే వ్యాధికి కారణము గంజాయి యని పలుచోట్ల వ్రాసికొన్నట్లు ఆ సంఘము కనుగొన్నది. నాడు లేనిచోట గంజాయిని వ్రాసిరి. నేడు ఉన్నచోట దానిని దాచుచున్నాము. రెంటను నష్టపోవువాడు రోగియే.

పోలీసు భయమునకు సమాధానము చట్టములోనే కలదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము 64ఎ నిబంధన, స్వల్పపరిమాణముతో పట్టుబడినను స్వచ్ఛందముగా చికిత్సకు వచ్చి దానిని పూర్తిచేయు వ్యసనపరునికి విచారణ నుండి రక్షణ యిచ్చుచున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము రోగి సంగతులను గోప్యముగా నుంచవలెనని శాసించుచున్నది. కల్లు సంగతి గూడ వైద్యునికి చెప్పవలెను. కల్తీకల్లును 2015లో అరికట్టినపుడు దానికి అలవాటుపడినవారు వణుకుతో, మూర్ఛలతో, మతిభ్రమతో ఆసుపత్రులకు చేరుట మన పాలమూరువారు కన్నులార చూచినదే. మహబూబునగరు, నల్లగొండ, సూర్యాపేటలయందు ప్రభుత్వ వైద్య కళాశాలలు కలవు. హైదరాబాదున ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయము కలదు. 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో, 2022లో నెలకొల్పిన టెలి మానస్ వారు ఉచితముగా సలహా యిత్తురు.

చట్టము తీర్పజాలని భయము ఒక్కటి మిగిలినది. అది మన భయము. కులములో తలవంపులగునను భయము. దానిని పుట్టించినవారము మనమే గనుక తీర్పవలసినవారమును మనమే. సంబంధములు చూచునపుడు “ఆ యింట పిచ్చి యున్నదట” యని గుసగుసలాడు నాలుక మనది. ఆ నాలుకను అదుపులో నుంచుకొందుమని ఈ సభలో ఒక్కొక్కరము మనస్సున నిశ్చయించుకొన్నచో, మరుసటి నెల ఏ తల్లియో వైద్యుని యెదుట ఆ పొట్లము సంగతి నిర్భయముగా చెప్పగలదు. ఒక బిడ్డ బాగుపడుటకు అంతకంటె కావలసినదేమి?