పసివాడి ఊపిరి, తొమ్మిదో నెల టీకా



పిల్లల వైద్యులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, సైన్సు రాసేవాళ్లు కలిసి కూర్చున్న సభకు నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. కృతజ్ఞుణ్ణి. మర్యాదలు ఇంతటితో చాలించి విషయానికి వస్తాను.

చలికాలం వచ్చిందంటే విశాఖలోని మా మధురవాడకు కొమ్మాది నుంచీ మారికవలస నుంచీ తల్లులు పసివాళ్లను భుజాన వేసుకుని వస్తారు. “జలుబే అనుకున్నామండీ, రాత్రి నుంచి డొక్కలు ఎగరేస్తున్నాడు” అంటారు. స్టెతస్కోపు తీసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. బిడ్డను తల్లి ఒళ్లోనే ఉంచి, చొక్కా పైకెత్తి, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40. ఆ అంకె చేరితే నిమోనియా అని అనుమానించాలి. డొక్క లోపలికి పీక్కుపోతుంటే అసలు ఆలస్యం చేయకూడదు.

న్యుమోకాకస్ అనే బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కులో, గొంతులో కూడా ఉంటుంది. వైరస్ జలుబు లోపలి పొరను దెబ్బతీసినప్పుడు కిందికి, ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. గాలి గదుల్లో కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు దాన్ని మింగేయాలి. వాటి వల్ల కాకపోతే రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ వచ్చి పడతాయి, వాటి వెంట నీరూ చేరుతుంది. కాపాడటానికి వచ్చినవే గాలికి చోటు లేకుండా చేస్తాయి. ఆ డొక్కల ఎగరేత అందుకే. మన ఊరి బొగ్గు ధూళీ, వంటింటి పొగా ఆ మాక్రోఫేజ్‌లను ముందే నీరసింపజేస్తాయి.

పసివాళ్లకు రోగనిరోధక శక్తి తక్కువని తేలిగ్గా అనేస్తుంటాం. నేను ఒప్పుకోను. ఆరు వారాల బిడ్డ ధనుర్వాతం టీకాకు చక్కగా యాంటీబాడీలు తయారుచేసుకుంటాడు, ఎందుకంటే అందులో ఉన్నది ప్రోటీన్. న్యుమోకాకస్ చుట్టూ ఉండేది చక్కెరల పొర. ప్రోటీన్ విషయంలో బి-కణాలకు అందే టి-కణాల సాయం చక్కెర విషయంలో అందదు. రెండేళ్లు నిండేదాకా బి-కణాలు ఒంటరిగా దాన్ని సరిగా ఎదుర్కోలేవు. గర్భంలో చివరి మూడు నెలల్లో తల్లి ఇచ్చిన యాంటీబాడీలు ఆరో నెల కల్లా దాదాపు కరిగిపోతాయి. తల్లి ఇచ్చింది అయిపోయి, తనది ఇంకా తయారుకాని ఆ సందులోనే ప్రమాదమంతా.

ఆ సందు పూడ్చే ఉపాయం 1929లోనే దొరికింది. న్యూయార్క్‌లో ఏవరీ, గోబెల్ చక్కెరను ప్రోటీన్‌కు అతికించి కుందేళ్లకు ఎక్కించారు. ఒంటరి చక్కెరను పట్టించుకోని ఒళ్లు ఈసారి యాంటీబాడీలు తయారుచేసింది. ఆ సూత్రం మీద హిబ్ అనే మరో బాక్టీరియాకు టీకా 1987లో, న్యుమోకాకస్ టీకా 2000లో అమెరికాలో వచ్చాయి. మన రాష్ట్రంలో పిల్లలందరికీ ఉచితంగా అందడం మొదలైంది 2021లో. కుందేలు నుంచి మన అంగన్‌వాడీ దాకా తొంభై రెండేళ్లు! ఇంత ఆలస్యం తలచుకుంటే నాకు బాధేస్తుంది. తర్వాత హైదరాబాద్‌లోని బయలాజికల్ ఇ తయారుచేసిన పద్నాలుగు రకాల న్యుమోకాకస్‌లను ఎదుర్కొనే టీకాకు 2022లో అనుమతి వచ్చింది. ఇందులో చక్కెరను మోసే ప్రోటీన్ ఏదనుకున్నారు? కోరలు తీసేసిన కంఠసర్పి విషం. ఆ కంఠసర్పి కూడా పూర్తిగా పోలేదు. బూస్టర్లు తప్పిన పిల్లల్లో రక్షణ పలచబడుతుంది, హైదరాబాద్‌లోనే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఈ శతాబ్దంలోనూ దాన్ని చూసింది.

న్యుమోకాకస్ టీకా ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలు నిండాక. మొదటి రెండింటితో యాంటీబాడీలు పెరిగి, మెల్లగా తగ్గుతాయి. కానీ జ్ఞాపక కణాలు మిగులుతాయి. తొమ్మిదో నెల మోతాదు వాటిని లేపి, యాంటీబాడీలను మళ్లీ గట్టిగా పెంచుతుంది. అప్పుడు ముక్కులో మకాం వేసిన బాక్టీరియా కూడా తగ్గుతుంది. పక్కింటి పసికందుకూ, ఇంట్లో తాతయ్యకూ మేలు.

మధురవాడలో నా దిగులంతా ఆ మూడో మోతాదు గురించే. శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా నుంచి కట్టడం పనులకొచ్చిన కుటుంబాలు పద్నాలుగో వారానికి ఇక్కడుంటాయి. తొమ్మిదో నెలకు మేస్త్రీ ఎక్కడికి తీసుకెళితే అక్కడ. కార్డు ఏ పెట్టెలోనో ఉండిపోతుంది. ఊరు మారే కుటుంబానికి ముందుగానే “ఎక్కడున్నా సరే, తొమ్మిది నెలలు నిండగానే దగ్గర్లో ఉన్న ప్రభుత్వ కేంద్రానికి వెళ్లమ్మా, ఇదొకటి ఉండిపోయింది” అని చెప్పి, ఫోన్ నంబరు రాసుకుని, ఆ వారంలో ఒక్కసారి ఫోన్ చేయండి.

ఈ మధ్యాహ్నం పత్రాలు చదివేవారికి ఒక విన్నపం. మీ పట్టికల్లో మొదటి మోతాదు అంకె పక్కనే మూడో మోతాదు అంకె కూడా చూపండి, వార్డుల వారీగా. తేడా ఎక్కడ పెద్దదిగా ఉంటే ఆ వార్డు నుంచే చర్చ మొదలుపెడదాం. మొదటి వక్తను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.