చెట్టు పడే వైపు



ఈ రోజు చెట్లు కొట్టే మనిషి పని గురించి చెప్పుకుందాం. "అందులో చెప్పుకునేదేముంది? గొడ్డలి ఉంటే ఎవరైనా కొడతారు" అని మీలో కొందరికి అనిపించవచ్చు. పొయ్యిలోకి కట్టెలు కొట్టడం వేరు. నలభై అడుగుల చెట్టును ఎవరికీ దెబ్బ తగలకుండా అనుకున్న చోట పడుకోబెట్టడం వేరు. ఆ పనివాడి వెనకాలే బెరడు వొలిచేది, కర్ర మోసేది, కొమ్మలు ఏరేది ఆడవాళ్ళే. కాబట్టి అతనికి తెలిసిన సంగతులు మీకూ తెలియాలి.

మన వైపు జామాయిల్ తోటలు, సుబాబుల్ తోటలు చూశారు కదా. ఆ కర్ర సారపాక, రాజమండ్రి లాంటి చోట్ల ఉన్న కాగితపు మిల్లులకు పోతుంది. అక్కడ దాన్ని చిన్న ముక్కలు చేస్తారు. మందులు వేసి ఉడికిస్తారు. మెత్తటి గుజ్జు అవుతుంది. ఆ గుజ్జును పలచగా పరిచి ఆరబెడితే కాగితం. మీరు అక్షరాలు దిద్దిన నోటు పుస్తకం వెనక ఇలాంటి ముఠా ఒకటి ఉండే ఉంటుంది.

తోటల పని లేనప్పుడు అదే మనిషి ఊళ్ళో వేప, తుమ్మ, మామిడి చెట్లు కొడతాడు. ఆ కలప అడితికి పోతుంది. ఇక్కడ ఒక మాట. 2002లో వాల్టా చట్టం వచ్చింది. మన పొలంలో చెట్టయినా కొట్టాలంటే అనుమతి కావాలి. కొన్ని రకాలకు మినహాయింపు ఉంది. అందుకే తెలిసిన మేస్త్రీ పని ఒప్పుకునే ముందే "కాగితం ఉందా?" అని అడుగుతాడు.

పని తెలిసినవాడు వచ్చీ రాగానే గొడ్డలి ఎత్తడు. ముందు చెట్టు చుట్టూ తిరుగుతాడు. చెట్టు ఎటు వొరిగి ఉంది? కొమ్మల బరువు ఎటు ఎక్కువ? పైన ఎండిన కొమ్మ వేలాడుతోందా? గాలి ఎటు నుంచి వస్తోంది? గొడ్డలి వెనక భాగంతో మానును తడతాడు. డొల్ల శబ్దం వస్తే లోపల పుచ్చిందన్నమాట. పుచ్చిన చెట్టు చెప్పినట్టు వినదు. దగ్గర్లో కరెంటు తీగలుంటే లైన్‌మన్‌ను పిలిచి కరెంటు ఆపించే దాకా చెయ్యి పెట్టకూడదు. పచ్చి చెట్టు తీగ మీద పడితే దానిలోంచి కరెంటు పారుతుంది.

తర్వాత తాను పారిపోయే దారి చూసుకుంటాడు. నవ్వకండి, ఇది పిరికితనం కాదు. చెట్టు పడేటప్పుడు దాని మొదలు ఒక్కోసారి ఎగిరి వెనక్కి తన్నుతుంది. అందుకని సరిగ్గా వెనక్కి పోడు. వెనక్కీ, పక్కకీ కలిపి ఏటవాలుగా పోతాడు. ఆ దారిలో తీగలు, రాళ్ళు ముందే తీసేస్తాడు.

ఇప్పుడు కోత. చెట్టు పడాల్సిన వైపు ముందు ఒక గాటు తీస్తాడు. పుచ్చకాయ ఎర్రగా ఉందని చూపించడానికి బండివాడు చిన్న ముక్క కోసి తీస్తాడు చూడండి, అలాగ. ఆ గాటు మాను మందంలో పావు వంతు నుంచి మూడో వంతు లోతు ఉంటుంది. తర్వాత రెండో వైపుకు వచ్చి, గాటు కంటే కొంచెం ఎత్తులో రంపం పెడతాడు. రెండు కోతలూ కలిసేదాకా కోయడు. మధ్యలో సన్నటి పట్టీలాగా కర్ర వదులుతాడు. అడుగు మందం మానుకు అంగుళం పైన ఉంటే చాలు. తలుపుకు మడతబందు ఎలాగో చెట్టుకు ఆ పట్టీ అలాగ. దాని మీద తిరుగుతూ చెట్టు గాటు వైపు వొరుగుతుంది. పట్టీ మొత్తం కోసేస్తే బందు ఊడిన తలుపే. ఎటు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

కోసేటప్పుడు రంపం బిగుసుకుంటే చీల పెట్టి కొడతాడు. ఇద్దరు లాగే రంపమైతే ఎవరి వైపుకు వాళ్ళు లాగాలి, రెండోవాడి మీదికి తొయ్యకూడదు. ఇప్పుడు చాలాచోట్ల మిషన్ రంపం వచ్చింది. పని తొందరగా అవుతుంది. కానీ దాని ముక్కు కర్రకు తగిలితే రంపం ఎగిరి మనిషి మొహం మీదికే వస్తుంది. మెడలో వేలాడే తువ్వాలు కూడా ప్రమాదమే. ఆ మోతలో పక్కవాడి కేక కూడా వినపడదు.

ఇక్కడ మీరు బాగా గుర్తుంచుకోవాలి. మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చేది మీరు. కట్టెపుల్లల కోసం వచ్చేది మీరు. వెంట పిల్లలుంటారు. చెట్టు ఎంత ఎత్తుందో దానికి రెండింతల దూరంలో ఆగాలి. నలభై అడుగుల చెట్టయితే ఎనభై అడుగులు. మిషన్ ఆగే దాకా అక్కడే ఉండాలి. కోసేవాడు మిమ్మల్ని చూసి చెయ్యి ఊపిన తర్వాతే కదలాలి. వెనక నుంచి వచ్చి భుజం తట్టకూడదు.

ఒక చెట్టు పడుతూ పడుతూ ఇంకో చెట్టు కొమ్మల్లో చిక్కుకోవడం ఉంది. ఎంత అనుభవం ఉన్నవాడికైనా భయం పుట్టించేది అదే. అది గంటకు పడొచ్చు, గాలి వీచగానే పడొచ్చు. "నిలబడే ఉంది కదా" అని దాని కింద పుల్లలు ఏరడానికి పోవద్దు. మోకు కట్టి దూరం నుంచి లాగాలి. మోకు చెట్టు కంటే పొడుగుండాలి. లేకపోతే అది లాగేవాళ్ళ మీదే పడుతుంది.

చెట్టు పడ్డాక జామాయిల్ అయితే బెరడు వొలవాలి. కొట్టిన రోజే వొలిస్తే అరటి తొక్కలాగా వస్తుంది. ఎండితే కర్రకు అతుక్కుపోతుంది, చేతులు పగిలిపోతాయి. అందుకని వొలిచే మనుషులకు తగ్గట్టే కొట్టాలి. మగవాళ్ళు పొద్దున్నే నలభై చెట్లు పడేసి పోతే మర్నాడు ఆడవాళ్ళకు రెండింతల పని.

కూలి చాలాచోట్ల టన్నుల లెక్కన ఇస్తారు. టన్ను అంటే వెయ్యి కిలోలు. పచ్చి కర్రలో నీళ్ళు ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ ఆరిపోతుంది, బరువు తగ్గుతుంది. లారీ వారం ఆలస్యమైతే పోయేది మీ కూలి! అందుకే ఎప్పుడు తూస్తారో పని మొదలుపెట్టక ముందే మాట్లాడుకోవాలి.

తూకం చీటీ అడిగి తీసుకోండి. అందులో మూడు అంకెలు ఉంటాయి. లోడుతో లారీ బరువు, ఖాళీ లారీ బరువు, కర్ర బరువు. లోడుతో 15,400 కిలోలు, ఖాళీగా 5,900 కిలోలు అనుకుందాం. తీసివేత మీకు వచ్చు. 9,500 కిలోలు. అంటే తొమ్మిదిన్నర టన్నులు. మేస్త్రీ పుస్తకంలో తొమ్మిదే రాస్తే అర టన్ను ఏమైంది? చీటీ చేతిలో ఉంటే అడగొచ్చు.

ఇంకో సంగతి. ఆలుమగలు ఇద్దరూ పనిచేస్తారు, పుస్తకంలో మాత్రం చాలాసార్లు మగవాడి పేరే ఉంటుంది. తీసుకున్న అడ్వాన్సు ఎంత, తెగింది ఎంత, ఇంటి ఆడమనిషికి తెలియదు. ఇది బాగాలేదు. మీ పేరు కూడా రాయించండి. రాశాడో లేదో ఇప్పుడు మీరే చదవగలరు.

దెబ్బ తగిలితే ఆ పుస్తకమే సాక్ష్యం. 1923 నాటి కార్మిక పరిహార చట్టంలోని జాబితాలో చెట్లు నరికే పని కూడా ఉంది. ఆ చట్టాన్ని 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. పనిలో కాలో చెయ్యో పోయినా, మనిషే పోయినా పరిహారం అడిగే హక్కుంది. ఆస్పత్రి చీటీలు, తూకం చీటీలు పారేయకండి. ఏ తేదీన, ఎవరి తోటలో, ఎవరు పనికి పిలిచారో రాసి పెట్టండి. ఆలస్యం చేయకుండా కార్మిక శాఖ ఆఫీసుకు పోయి అడగండి. "ఏదో మా కర్మ" అని ఊరుకునే ఇల్లు ఎక్కువ, అడిగే ఇల్లు తక్కువ.

లారీ వెళ్ళిపోయాక తోటలో మోళ్ళు మిగులుతాయి. మంచి పనివాడు జామాయిల్ మోడును జానెడు లోపు ఎత్తులో, వాన నీరు జారిపోయేట్టు కొంచెం ఏటవాలుగా కోస్తాడు. మోడు చీలకూడదు, దాని బెరడు ఊడకూడదు. అలా కోసిన మోడు చుట్టూ గుత్తులుగా చిగుళ్ళు వస్తాయి. వాటిలో బలమైనవి రెండు మూడు ఉంచి తక్కినవి తీసేస్తారు. ఈ పని ఆడవాళ్ళ చేతి కొడవలిదే. నాలుగైదేళ్ళకు ముఠా మళ్ళీ అదే తోటకు వస్తుంది.