అడగడం మానవద్దు



మొయినాబాదుకూ చేవెళ్ళకూ మధ్య, మర్రిచెట్ల నీడన సాగే రోడ్డు మీద ఉంది మా కనకమామిడి. అక్కడ నాకు తెలిసిన ఒక చెల్లెలు ఈ మధ్య ఆదివారం ఆరాధనకు రావడం మానేసింది. భర్తకు జబ్బు. బోరు ఎండిపోయి టమాటా తోట మాడిపోయింది. నేను పలకరించబోతే, "ఇంకెన్ని దినాలు అడగాల్నక్కా? దేవునికి ఇనపడుతలేదా?" అన్నది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక ఒంగోలు కథ గుర్తుకొచ్చింది. మీకూ చెబుతాను, వినండి.

1836లో మన దేశానికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు, 1840 నుంచి నెల్లూరులో పనిచేశారు. ఏళ్ళు గడిచినా ఫలితం బహు స్వల్పం. ఈ మిషను మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ కూడా జరిగింది. అటువంటి రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారుజామున, లైమన్ జ్యూయెట్ దంపతులూ కొందరు తెలుగు విశ్వాసులూ ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. వారిలో నెల్లూరు జూలియా అనే తెలుగు స్త్రీ ఉన్నది. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని వారు అడిగారు.

మర్నాడే పంపాడా? లేదమ్మా. జాన్ క్లౌ ఒంగోలు చేరింది 1866లో. అంటే పన్నెండేళ్ళు! 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మందే.

తరువాత 1876–78 నాటి ఘోర కరువు వచ్చింది. ప్రజలు ఆకలితోనూ కలరాతోనూ రాలిపోతుంటే క్లౌగారు ప్రార్థించి ఊరుకోలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కంట్రాక్టుకు తీసుకుని పేదలకు కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరువు తీరాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కొండ మీది ప్రార్థనకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు.

ఈ కథలో నన్ను కదిలించింది ఆ పెద్ద అంకె కాదు, మధ్యలో గడిచిన పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళూ ఏ గుర్తూ కనబడకుండానే కదా, ఆ కొండ ఎక్కినవాళ్ళు పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించుకున్నట్టు తమ నమ్మకాన్ని వెలిగించుకున్నది! న్యాయాధిపతిని విసిగించి న్యాయం పొందిన విధవరాలి ఉపమానం లూకా సువార్తలో మనకు తెలిసిందే. ఆమె దగ్గర డబ్బు లేదు, పలుకుబడి లేదు. మళ్ళీ మళ్ళీ వెళ్ళే కాళ్ళు మాత్రం ఉన్నాయి.

అయితే ప్రార్థన బేరం కాదు. అడిగిన ప్రతిదీ దొరుకుతుందని నేను ఆ చెల్లెలికి మాట ఇవ్వలేను. ఇప్పటికీ ఆమె బోరులో నీళ్ళు రాలేదు. కానీ మేం నలుగురం ఆడవాళ్ళం వారానికొక పూట ఆమె ఇంటికి వెళుతున్నాం. ఒకరు వంట చేస్తే ఒకరు ఆమె భర్తను ఆసుపత్రికి తీసుకెళ్తారు. చివరికి అందరం కలిసి మోకరిస్తాం. మొదటి రెండు వారాలు ఆమె నోరు విప్పలేదు. మొన్న మాత్రం మెల్లగా "ఆమెన్" అన్నది.

అమ్మా, మీ ఇంట్లోనూ జవాబు రాని ప్రార్థన ఒకటి ఉండే ఉంటుంది. అడగడం మానకండి. ఒంటరిగా అడగలేకపోతే పక్కింటి అక్కను పిలవండి. ఆమె అడగలేని రోజున, ఆమె కోసం మీరు అడగండి.

సెలవు.