తెలిసిన మాట చెప్పుట ధర్మము



భగవదనుగ్రహం వలన ఈ సాయంకాలం మనమందరం ఈ ఆలయ మండపంలో కూడుకొన్నాము. ఏటేటా ఈ వేదికపై పురాణమో, ఉపనిషత్తో చెప్పుకోవడం మనకు అలవాటు. ఈ యేడు ట్రస్టు పెద్దలు మమ్ములను వేరొక విషయం అడిగారు. "అంటువ్యాధులను గురించీ, టీకాలను గురించీ నాలుగు మాటలు చెప్పండి. వైద్యులు చెబితే విననివారు కూడా దేవుని సన్నిధిలో చెబితే వింటారు" అన్నారు. మేము వైద్యులము కాము. పాఠశాలలో వేదం వల్లె వేసినవారము. మొదట సంకోచించి, తరువాత ఒప్పుకొన్నాము. ఎందుకు ఒప్పుకొన్నామో చివర మనవి చేస్తాము.

మన కర్నూలు, కడప సీమల పెద్దలకు ఒక దృశ్యం గుర్తుండి ఉంటుంది. ఇంట్లో బిడ్డకు అమ్మవారు పోస్తే వాకిటికి వేపమండలు కట్టేవారు. ఆ మండలు చూచినవారు ఆ యింట అడుగు పెట్టేవారు కారు. ఆ యింటివారు పెండ్లికి గాని, జాతరకు గాని పోయేవారు కారు. బిడ్డకు తగ్గి, వేపాకు వేసి కాచిన నీళ్ళు తలకు పోసిన తరువాతనే రాకపోకలు. దీనిని మనం భక్తి అనుకొన్నాము. భక్తి ఉన్నది, నిజమే. కాని ఆలోచిస్తే ఇంకొకటి కూడా ఉన్నది. ఆ వేపమండ వీధికంతటికీ ఒక ప్రకటన. "ఈ యింట రోగమున్నది, మీ పిల్లలను జాగ్రత్తగా చూచుకొనండి" అని అక్షరం రానివారికి కూడా అర్థమయ్యే మాట. రోగాన్ని దాచుకోవడం లేదు, దానికి సిగ్గుపడడం లేదు. ఊరికి తెలియవలసినది తెలియవలసిన వేళకు తెలిపేవారు. ఈనాడు మనం తిరిగి నేర్చుకోవలసినది అదే.

శాస్త్రం ఈ విషయంలో ఏమన్నది? చరకసంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసనీయమనే అధ్యాయమొకటి ఉన్నది. ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టే వ్యాధులను గురించిన అధ్యాయమది. గంగాతీరాన కాంపిల్య నగరంలో పునర్వసు ఆత్రేయ మహర్షి శిష్యుడైన అగ్నివేశునికి చెబుతాడు. మనుష్యులు వేరు, వారి ప్రకృతులు వేరు, తిండి వేరు, వయసు వేరు. అయినా ఒకేసారి అందరికీ ఒకే రోగం ఎందుకు వస్తున్నది? అందరికీ సమానమైన గాలి, నీరు, నేల, కాలము చెడినందువలన అంటాడు మహర్షి. అంతేకాదు, ఆపద రాకముందే ఓషధులను సేకరించి పెట్టుకోవలెనని శిష్యుని తొందరపెడతాడు. ఇల్లు అంటుకొన్న తరువాత బావి త్రవ్వినందువలన ప్రయోజనమేమున్నది? సుశ్రుతుడు కూడా కొన్ని రోగాలు తాకిడి వలన, శ్వాస వలన, ఒకే కంచంలో తినడం వలన, ఒకే పడకపై శయనించడం వలన, ఒకరి వస్త్రాలు ఒకరు ధరించడం వలన ఒకరినుండి మరొకరికి సంక్రమిస్తాయని స్పష్టంగా చెప్పాడు.

ఇంతమాత్రం చేత నేటి టీకాలన్నీ మన గ్రంథాలలోనే ఉన్నాయని మేము అనము. లేనిది ఉన్నదనడం శాస్త్రానికి గౌరవం కాదు. టీకా పుట్టుక వేరు. 1796లో ఇంగ్లండులో జెన్నర్ అనే వైద్యుడు ఒక విషయం గమనించాడు. పాలు పితికే స్త్రీలకు ఆవు పొదుగు మీది పొక్కులు చేతికి అంటుకొంటే, ఆపై వారికి మశూచి సోకడం లేదు. ఆ గోమసూరి రసాన్ని ఒక బాలుని చేతికి ఎక్కించి, దానివలన మశూచినుండి రక్షణ కలుగుతుందని నిరూపించాడు. వాక్సిన్ అనే పేరు కూడా లాటిన్ భాషలో ఆవును చెప్పే మాటనుండి వచ్చినదే. గోమాత లోకానికి పాలు మాత్రమే కాదు, ఈ రక్షణను కూడా ఇచ్చినదని తలచుకొంటే మనకు ఆనందమే గదా.

టీకా పనిచేసే తీరు కష్టమైనది కాదు. రోగక్రిమిని చంపి గాని, బలహీనపరచి గాని, దానిలో కొంత భాగాన్ని మాత్రం తీసి గాని శరీరానికి ముందుగా పరిచయం చేస్తారు. ఊరి కావలివాడు దొంగ ముఖాన్ని ముందే చూచి ఉంచుకొన్నట్లు, శరీరం ఆ క్రిమిని గుర్తు పెట్టుకొంటుంది. నిజమైన రోగం వచ్చిననాడు ఆలస్యం లేకుండా ఎదిరిస్తుంది.

1960ల తొలినాళ్ళలో, మా పన్నెండవ యేట, పెన్నేటి ఒడ్డున ఒక పాఠశాలలో చదువుకొంటున్నాము. మశూచి నిర్మూలన కార్యక్రమాన్ని ప్రభుత్వం 1962లో దేశమంతటా ఆరంభించింది. ఒకనాడు టీకాలవారు మా పాఠశాలకు వచ్చారు. గుండ్రని పనిముట్టును చేతిపై నొక్కి తిప్పుతారని విని పిల్లలమంతా గుడి వెనుక దాగుకొన్నాము. మా గురువుగారు మహానిష్ఠాపరులు. అప్పుడే మడి కట్టుకొని పారాయణకు కూర్చున్నారు. వారు లేచివచ్చి, ఉత్తరీయం తొలగించి, అందరికంటె ముందు తమ చేయి చాచారు. "అయ్యవారూ, మీకు మైల గదా" అని ఎవరో అన్నారు. "స్నానం చేస్తే మడి మళ్ళీ వస్తుంది నాయనా, ప్రాణం పోతే మళ్ళీ రాదు" అన్నారు గురువుగారు. ఆ మాట విని ఒక్కొక్కరమే బయటికి వచ్చాము. ఆ మచ్చ ఇప్పటికీ మా చేతిపై ఉన్నది. మన దేశంలో మశూచి చివరిసారి కనిపించినది 1975 మే నెలలో. భూమండలంపై అది ఇక లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980 మే 8న ప్రకటించింది. అమ్మవారి గుడులు మాత్రం అలాగే ఉన్నాయి. జాతరలు జరుగుతూనే ఉన్నాయి. తన పేరు చెప్పుకొని బిడ్డలు చనిపోవడం ఏ తల్లి కోరుతుంది?

టీకా లేని చోట కూడా తెలిసిన మాట ఎంత పని చేస్తుందో మరొక ఉదాహరణ చెబుతాము. నారికురుపు అనే మాట నేటి పిల్లలకు తెలియదు. తెలియకపోవడమే మన అదృష్టం. దిగుడుబావులలోకి మెట్లు దిగి నీళ్ళు ముంచుకొనే మెట్ట ప్రాంతాలలో ఆ బాధ ఉండేది. నీటిలోని కంటికి ఆనని చిన్న పురుగుల ద్వారా అది కడుపులోకి పోతుంది. ఏడాది తరువాత మూరెడు, గజమెడు నారిపోగు వంటి పురుగు కాలిలోనుండి బయటికి వస్తుంది. ఆ మంటకు ఓర్వలేక రోగి బావినీటిలో కాలు పెడితే పురుగు తన పిల్లలను ఆ నీటిలో విడుస్తుంది. ఊరంతా మళ్ళీ ఆ నీరే త్రాగుతుంది. దీనికి నేటికీ టీకా లేదు, మందు లేదు. 1984లో దేశంలో దాదాపు 40 వేల మందికి ఈ రోగమున్నట్లు లెక్క తేలింది. మన రాష్ట్రమూ ఆ జాబితాలో ఉండినది. అప్పుడు చేసినదేమిటి? నీటిని గుడ్డతో వడగట్టి త్రాగమన్నారు. కురుపు ఉన్నవారిని బావిలో దిగవద్దన్నారు. దిగుడుబావులను చేదబావులుగా మార్చారు, బోర్లు వేశారు. ఇంటింటికీ తిరిగి చెప్పారు. 1996 జూలై తరువాత మన దేశంలో ఒక్కరికీ అది రాలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ధ్రువీకరించింది. నీటిని వస్త్రంతో వడగట్టి త్రాగవలెనని మనుస్మృతి ఆరవ అధ్యాయంలో యతిధర్మాలలో చెప్పింది. ప్రాణిహింస జరుగకూడదని చెప్పిన ఆ నియమమే మన ప్రాణాలను కూడా కాపాడినది. పుస్తకంలోని మాట పల్లెలోని కుండ దగ్గరకు చేరిననాడే ఫలించింది.

ఇక మన కండ్లయెదుట జరిగిన దానికి వస్తాము. 2020 మార్చి 20న తిరుమలలో భక్తుల దర్శనాలు ఆగిపోయాయి. ఆ ఏప్రిల్‌లో ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణం భక్తులు లేకుండా ఏకాంతంగా జరిగింది. ఆ నెలాఖరుకు రాష్ట్రంలో కరోనా కేసులు అన్ని జిల్లాలకంటె మన కర్నూలు జిల్లాలోనే ఎక్కువగా ఉన్నాయి. అప్పుడు రోగంతోపాటు మరొకటి కూడా వ్యాపించింది. ఫలానా వీధివారు తెచ్చారని, ఫలానా మతంవారు తెచ్చారని నిందలు. నింద భయంతో జ్వరం వచ్చినవారు దాచుకొన్నారు. దాచుకొన్న యింట రోగం పెరిగింది. వేపమండ కట్టిన మన పూర్వులు రోగిని నిందించలేదు, రోగాన్ని దాచలేదు. ఆ రెండింటినీ మనం తలక్రిందులు చేశాము. క్రిమికి కులం లేదు, మతం లేదు. రోగి నిందకు పాత్రుడు కాడు, సేవకు పాత్రుడు.

ఆ యేడే నవంబరు 20 నుండి డిసెంబరు 1 వరకు తుంగభద్రా పుష్కరాలు జరిగాయి. నదిలో మునకలు వద్దన్నారు. చాలామంది మనసు కష్టపెట్టుకొని మా వద్దకు వచ్చారు. నీటిని శిరస్సున చల్లుకొని సంకల్పం చెప్పుకొనండి అన్నాము. మంత్రస్నానమని, మానసస్నానమని శాస్త్రంలోనే ఉన్నాయి. ఆపత్కాలానికి ఆపద్ధర్మం చెప్పిన శాస్త్రం మనది. గుంపులో మునిగి పొరుగువానికి రోగం అంటించిన పుణ్యం ఏ నది ఇస్తుంది?

ఇప్పుడు మా మాట చెప్పుకోవలెను. 2021 మార్చిలో అరవై యేండ్లు దాటినవారికి కరోనా టీకా ఆరంభమయినది. మేము వెళ్ళి వేయించుకొన్నాము. ఒక రాత్రి జ్వరం, చేయి నొప్పి, అంతే. ఆ వారంలోనే ప్రతి శనివారం ఆలయానికి వచ్చే ఒక రైతు, మా వయసువాడే, మమ్ములను అడిగాడు. "సామీ, ఈ సూది వేయించుకోమంటారా? మా ఊళ్ళో నానావిధాలుగా అనుకొంటున్నారు" అన్నాడు. అప్పుడు మేము ఏమన్నామో తెలుసా? "మాకు వైద్యం తెలియదు, మీ ఇష్టం" అన్నాము. వేదపండితుడు సూదిమందు ప్రచారం చేస్తున్నాడని ఎవరైనా అంటారేమోనని మా బిడియం. మేము వేయించుకొన్న సంగతి కూడా చెప్పలేదు. "సరే సామీ, ఉగాది కానీండి, చూద్దాం" అని వెళ్ళిపోయాడు. ఉగాది అయినది. రెండవ విడత కరోనా వచ్చినది. వైశాఖ మాసంలో ఆయన పోయాడు.

టీకా వేయించుకొని ఉంటే తప్పక బ్రతికేవాడని మేము అనజాలము. ఆయుర్దాయం లెక్క మన చేతిలో లేదు. కాని చెప్పవలసిన మాట మేము చెప్పలేదు. అది మాత్రం మా చేతిలో ఉన్నది. అబద్ధం చెబితేనే దోషమని అంతవరకు అనుకొన్నాము. తెలిసి ఊరకుండడం కూడా దోషమేనని ఆ వైశాఖంలో తెలిసినది. మా గురువుగారు చాచిన చేయి మా కండ్లముందు నిలిచినది. ట్రస్టు పెద్దలు అడిగినప్పుడు మేము ఒప్పుకొన్నది ఇందుకే.

"రాసిపెట్టి ఉంటే తప్పదు గదా" అని కొందరు అంటారు. రథం ఒక్క చక్రంతో నడవదు, పురుషప్రయత్నం లేక దైవం ఫలించదు అని యాజ్ఞవల్క్యస్మృతి భావం. వాన దేవుడే కురిపిస్తాడని మన సీమ రైతు విత్తనం వేయకుండా కూర్చుంటాడా?

కావున తల్లులారా, తండ్రులారా! బిడ్డ పుట్టిననాడే వేయవలసిన టీకాలున్నాయి. ఆపై ఆరు, పది, పదునాలుగు వారాలకు వేసే టీకాలు కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం మొదలైన వాటినుండి కాపాడుతాయి. తొమ్మిది నెలలు నిండగానే తట్టుకు టీకా, ఏడాదిన్నర ప్రాంతంలో రెండవది. తట్టును అమ్మవారేనని ఇంట్లోనే ఉంచకండి. అది ఊపిరితిత్తులకు ఎక్కితే ప్రాణం తీస్తుంది, కండ్లకు తగిలితే చూపు తీస్తుంది. వేపాకు వాకిటికి కట్టండి, బిడ్డను వైద్యుని వద్దకు తీసుకొని పొండి. రెండూ చేయవచ్చు. ఇంటింటా రెండు చుక్కలు వేయించినందువలననే 2011 జనవరి 13 తరువాత మన దేశంలో సహజ పోలియో సోకిన బిడ్డ లేదు.

ఆదోని, కోసిగి వైపునుండి సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయే కుటుంబాలకు ప్రత్యేకంగా మనవి. పోయేటప్పుడు బియ్యం మూటతోపాటు బిడ్డ టీకాల కార్డు కూడా కట్టుకొనండి. అక్కడి ఆశా కార్యకర్తకు చూపితే తప్పిన టీకా వేస్తారు. ఆలస్యమైనా మానవద్దు. టీకా తరువాత కొద్దిగా జ్వరం, వాపు రావచ్చు. అరుదుగా తీవ్రమైన ఇబ్బంది కూడా కలుగవచ్చు. అందుకే వేసిన తరువాత అరగంట అక్కడే ఉండమంటారు. ఏదైనా తేడా కనిపిస్తే దాచక వెంటనే చెప్పండి.

అర్చకస్వాములకూ ఒక మాట. తీర్థం ఇచ్చేటప్పుడు, "పాపకు తట్టు టీకా వేయించారా అమ్మా?" అని అడగండి. సెల్‌ఫోనులో వచ్చిన ప్రతి మాటను నమ్మి ఇతరులకు పంపకండి. తెలిసినవారిని అడిగి, నిజమైతేనే చెప్పండి. తైత్తిరీయ ఉపనిషత్తులో చదువు ముగించిన శిష్యునికి ఆచార్యుడు చేసే మొదటి ఉపదేశం సత్యం పలుకుమనియే.

ఇల్లిల్లూ ఆరోగ్యంతో, పిల్లాపాపలతో కళకళలాడుగాక అని స్వామిని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాము.

స్వస్తి.