చెరిగిన అంకెను రాబట్టడం ఎలా?

(కడప జిల్లాలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టర్ ప్రసంగం)



వానలు తక్కువైన మన జిల్లాలో పైరు పోయిన ఏడు ఇంటిని నిలబెట్టేది పాడి. ఆ పాడి డబ్బుకు ఆధారం రిజిస్టరు. అందులో అంకె చెరిగితే ఏమి చేయాలో మనవి చేస్తాను.

నేను తనిఖీకి వెళ్లిన ఒక సంఘంలో మిద్దె కారి బోనస్ పట్టిక తడిసింది. అక్కడ 84 మంది సభ్యులు. ఒక్కొక్కరు ఎనుము పాలు గాని ఆవు పాలు గాని, ఒకటే రకం పోస్తారు. బైలా ప్రకారం కావలసినన్ని రోజులు పోసినవారే బోనస్‌కు అర్హులు. పట్టికలో మిగిలినవి ఇవి:

ఎనుము పాలు: అర్హులు 36, కానివారు —, మొత్తం 50
ఆవు పాలు: అర్హులు —, కానివారు —, మొత్తం —
అంతా కలిపి: అర్హులు 61, కానివారు —, మొత్తం 84

కార్యదర్శి జ్ఞాపకం మీద ఆవు పాల అర్హులు 22 అని రాసి, 58 మందికి డబ్బు సిద్ధం చేశారు. ఆయనలో దురుద్దేశం లేదు. కాని కింద 61 ఉన్నది చూడలేదు.

లెక్క చూడండి. 61లో 36 తీసివేస్తే 25. ఆవు పాల అర్హులు అంతమంది. 84లో 50 పోతే ఆవు పాలవారు 34. అందులో 25 పోతే అర్హులు కానివారు 9. ఎనుము పాలలో 50లో 36 పోతే 14. ఇప్పుడు సరిచూసుకోవాలి: 14, 9 కలిపితే 23, 84లో 61 పోయినా 23. సరిపోయింది.

అంటే ముగ్గురికి అన్యాయం జరగబోయింది. పట్టిక ఎందరో చెప్పింది గాని ఎవరో చెప్పలేదు. పాసుబుక్కులు తెప్పించి చూస్తే ముగ్గురూ ఒంటి ఆవు ఉన్నవారే. ఆ డబ్బు వారికి ఎండాకాలపు మేత.

ఒక హెచ్చరిక. 36 కూడా చెరిగి ఉంటే? 36, 25 సరిపోతాయి. 38, 23 కూడా సరిపోతాయి. అప్పుడు తీసివేతతో పని జరగదు. ఊహించి నింపరాదు, పాసుబుక్కులే లెక్కించాలి. మొత్తాలను కూడా తీర్మానాల పుస్తకంతో పోల్చిన తరువాతే నమ్మాలి.

కనుక ప్రతి పూటా పాసుబుక్కులో రాయించుకోండి. బోనస్ పట్టికను సర్వసభ్య సమావేశంలో చదివించి, అడ్డంగానూ నిలువుగానూ మీరే కూడి చూడండి.